పదిహేడో వారం

జూలై 7, ఆదివారం

ఇవాళ గ్రూపులో నా పరువు పోయింది.

గ్రూపు పేరు పాత పుస్తకాల పిచ్చోళ్ళు. నూట పన్నెండు మందిమి. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు, పిల్లల బొమ్మల కథలు, వారపత్రికల్లోంచి చింపి కుట్టుకున్న సీరియల్ బైండింగులు, ఎవరి పిచ్చి వాళ్ళది. నాది బైండింగుల పిచ్చి. ఉత్తరాంధ్రలో బైండింగుల సంగతి ఏదైనా కూర్మనాథం మాస్టార్ని అడగండి అని నిన్నటిదాకా అందరూ అనేవారు.

పొద్దున్న ఎవరో కనకాంబరం బంగళా గురించి అడిగారు. 1981 సీరియల్, ముప్పై వారాలు, పుస్తకంగా రాలేదు. నేను కాఫీ కూడా తాగకుండా కథంతా టైపు చేసి పెట్టాను. మొగుడు వదిలేసిన సుహాసిని బంగళా విడిచి రైలెక్కి వెళ్ళిపోతుంది, తర్వాత తెల్లచీరలో దెయ్యంలా తిరిగొచ్చి ఆ వెధవని భయపెట్టి పోలీసులకి పట్టిస్తుంది అని.

శ్రీకాకుళం గిరిబాబు నవ్వే బొమ్మలు ఆరు పెట్టాడు. మాస్టారూ, ఆవిడ పదిహేడో వారంలోనే బావిలో దూకి చచ్చిపోయింది, ఆ తర్వాత తిరిగేది నిజంగా దెయ్యమే కదా అన్నాడు. ఇంకో ముగ్గురు అవునవును అన్నారు. ఒకడు మాస్టారికి వయసైపోతోంది అన్నాడు. నాకు యాభై రెండు.

నేను విన్నాను. తొమ్మిదేళ్ళప్పుడు నెల్లిమర్లలో, జూట్ మిల్లు క్వార్టర్ల లైన్లలో, చూడామణి పిన్ని పైకి చదువుతుంటే నా చెవులతో విన్నాను. నాన్నకి బదిలీ అయి ఇల్లు దొరక్క ఆ ఏడాది నన్ను పిన్ని దగ్గర వదిలారు. సుహాసిని దూకలేదు. రైలెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది కూడా.

జూలై 9

పదిహేడో వారం ఎవరి దగ్గరా లేదు. గిరిబాబు దగ్గర ఉందంటాడు, ఫొటో పెట్టమంటే అటక మీద ఉంది తీయాలంటాడు.

జూలై 13, రెండో శనివారం

దొరికింది!!

నూకయ్య ఫోను చేశాడు. నెల్లిమర్లలో పాత పేపర్లు, ఇనప సామాన్లు కొనే షాపు అతనిది. మేస్టారూ, ఓ బైండు వచ్చినాది, గోనెగుడ్డ అట్ట, బేగి రండి, లేకపోతే లోడులో ఎల్లిపోతాది అన్నాడు. విజయనగరం నుంచి స్కూటరు మీద ఎలా వెళ్ళానో నాకే తెలీదు.

కనకాంబరం బంగళా, ముప్పై వారాలూ. అట్టకి గోనెగుడ్డ. కుట్టింది దబ్బనంతో, జనపనార దారంతో. మిల్లులో సంచులు కుట్టే చేతులే కుట్టి ఉండాలి. పదిహేడో వారం మాత్రం అచ్చు కాదు, చేతిరాత. రూళ్ళ కాగితాలు ఐదు, ఊదా సిరా. ఆ వారం పత్రిక పోయి ఉంటుంది, పక్కింట్లో అరువు తెచ్చుకుని ఎత్తి రాసుకుని ఉంటారు. అలా చేసేవాళ్ళు బోలెడు మంది. నా దగ్గరే అలాంటివి నాలుగున్నాయి.

షాపులో నిలబడే చదివాను. సుహాసిని బావి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, స్టేషనుకి నడిచి, రైలెక్కింది. కిటికీ పక్కన సీటు!

ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పాయసం చేయమని మా ఆవిడ హైమవతికి చెప్పాను. ఎందుకండీ అంది. ఒకావిడ బతికింది అన్నాను.

జూలై 14

Condition రాసుకుంటున్నాను.

అట్ట: fair. కుట్టు: గట్టిగా ఉంది. పురుగు: లేదు. చేతిరాత కాగితాల చివర కింద ఊదా మరకలు తొమ్మిది, సిరా ఒలికినట్టుంది. పద్దెనిమిదో వారం మొదటి పేరా మీద తెల్లకాగితం అంటించారు.

ఇక్కడ నాకు ఏదో తేడాగా ఉంది. పద్దెనిమిది నుంచి ముప్పై దాకా అచ్చు పేజీల్లో ఆత్మ అన్న మాట కనపడ్డ ప్రతిచోటా ఊదా సిరాతో కొట్టేశారు. సుహాసిని ఆత్మ తలుపు తట్టింది అని ఉంటే, ఆత్మ కొట్టేసి ఉంది. సుహాసిని తలుపు తట్టింది. సుహాసిని ఆత్మ వికటంగా నవ్వింది. మళ్ళీ కొట్టేశారు. నలభై మూడు చోట్ల. అసలు ఆవిడ బతికే ఉంటే అచ్చులో ఆత్మ ఎందుకొచ్చింది?

ఇంకొకటి. చేతిరాతలో సుహాసిని రైల్లో మూట విప్పి చద్దన్నం, ఉల్లిపాయ, ఎండుచేప తింటుంది. పదహారు వారాలు వెండి కంచంలో తిన్న మనిషి. ఎండుచేప మూట ఎప్పుడు కట్టుకుంది?

జూలై 21, ఆదివారం

శ్రీకాకుళం వెళ్ళాను. బైండు సంచిలో పెట్టుకుని, కోర్టుకి సాక్ష్యం తీసుకెళ్ళినట్టు.

గిరిబాబు టీ ఇచ్చి, పత్రిక నా ముందు పెట్టాడు. ఆ వారానిదే. రెండు కాపీలున్నాయట వాడి దగ్గర. పేజీ 34. సుహాసిని బావి గట్టెక్కింది. మంగళసూత్రం తీసి గట్టు మీద పెట్టింది. దూకింది. కింద నక్షత్రం గుర్తు, వచ్చే వారం చూడండి. నా బైండులో అంటించిన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాం. అడుగున శవం, పంచనామా అన్న మాటలు కనపడ్డాయి.

మాస్టారూ, మీ బైండు కుట్టినోళ్ళెవరో మంచి తిరకాసు మనిషండీ అన్నాడు గిరిబాబు. నాకు నవ్వు రాలేదు.

రెండో కాపీలోంచి ఆ వారం పేజీలు ఇస్తానన్నాడు. బదులుగా ఆ దొంగ చాప్టరు తనకి కావాలన్నాడు. గ్రూపు వాళ్ళకి చూపించి నవ్విస్తాడట. నేను ఒప్పుకున్నాను. బ్లేడుతో దారం కోసి ఐదు కాగితాలూ వాడి చేతిలో పెట్టాను. ఎవరో తలతిక్క మనిషి కల్పించిన చెత్తకి original పేజీలు వస్తుంటే ఎవడు కాదంటాడు?

జూలై 22, ఉదయం 5.30

కొత్త పేజీలు పెట్టి కుట్టేశాను. Complete. మొత్తం ప్రింటు. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు.

సంతోషంగా లేదు. అయితే నేను చిన్నప్పుడు విన్నదేమిటి?

జూలై 24

నా ఫోన్లో ఆ ఫొటో హైమవతి ఇవాళ చూసింది. చూసి, పిన్నిగారి రాత మీ ఫోన్లోకి ఎలా వచ్చిందండీ అంది.

ఏ పిన్నిగారు అన్నాను. లోపలికెళ్ళి తన సంగీతం పుస్తకం తెచ్చి పక్కన పెట్టింది. పెళ్ళైన కొత్తలో పిన్ని దాని కోసం కీర్తనలు రాసిచ్చిన పుస్తకం. అవే అక్షరాలు. కుడి వైపు వాలిపోతూ, రూళ్ళ మీద కూర్చోకుండా కొంచెం పైన తేలుతూ.

పిన్ని రాతని ఏళ్ళ తరబడి చూశాను. ఉత్తరాల్లో, నా పెళ్ళి సామాన్ల లిస్టులో. షాపులో ఆ కాగితాలు చేత్తో పట్టుకుని చదివాను. గుర్తుపట్టలేదు. పాత పుస్తకం అనుకున్నానే తప్ప రాసిన మనిషి ఉంటుందని అనుకోలేదు. దాన్ని తీసికెళ్ళి గిరిబాబు చేతిలో పెట్టాను, నవ్వుకోమని.

జూలై 25, చీపురుపల్లి స్టాఫ్ రూమ్

అర్థమైంది. నాకోసం చేసింది.

నాకు దెయ్యాలంటే చచ్చేంత భయం. చీకటి పడితే పెరట్లోకి వెళ్ళేవాణ్ణి కాదు. సుహాసిని చచ్చి దెయ్యమైందంటే పక్క తడిపేస్తానని పిన్ని కథ మార్చేసింది. నాకోసం కూర్చుని ఐదు కాగితాలు రాసింది, నలభై మూడు ఆత్మలు కొట్టేసింది. పొద్దున్న పాసింజర్లో కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. ఎదురు సీటాయన జలుబా మాస్టారూ అన్నాడు.

కానీ ఎండుచేప ఎందుకు రాసింది? మడి కట్టుకుని వంట చేసే మనిషి.

జూలై 27

నూకయ్య మళ్ళీ ఫోను. ఈసారి గొంతు వేరేగా ఉంది. మేస్టారూ, ఆ బైండు ఉన్నాదా, అమ్మేసినారా అన్నాడు. ఓ ముసలమ్మ మూడ్రోజుల్నుంచి షాపు గుమ్మంలో కూర్చుంటోందట. పేరు దేముడమ్మ, మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. కూతురింటికి వెళ్ళినప్పుడు కోడలు ఇల్లు సర్ది, ట్రంకు పెట్టెలో కాగితాలన్నీ కాటాకి వేసేసింది. నా బుక్కు నాకు తెచ్చీరా అంటోందట. టీ ఇస్తే తాగటం లేదట.

చదువొచ్చా ఆవిడకి అని అడిగాను. ఏటొస్తాది మేస్టారూ, ఏలిముద్రే అన్నాడు.

చదువు రాని మనిషికి పుస్తకం ఎందుకు? నాకేమీ అర్థం కావటం లేదు. రేపు ఇచ్చేస్తాను. ఇవ్వాలని లేదు. ఇస్తాను.

జూలై 28, ఆదివారం

ఇవ్వలేదు. ఆవిడే తీసుకోలేదు.

దేముడమ్మకి డెబ్బై నాలుగో ఐదో ఉంటాయి. బైండు చేతికివ్వగానే ఒళ్ళో పెట్టుకుని గోనెగుడ్డ నిమిరింది. తర్వాత పేజీలు తిప్పటం మొదలెట్టింది. చదవటానికి కాదు, చీరల మడతల్లో దేనికోసమో వెతుకుతున్నట్టు. మధ్యకొచ్చి ఆగింది. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది.

ఇందులో ఊదా కాయితాలేవి బాబూ అంది.

అవి అసలువి కావమ్మా, ఎవరో రాసి పెట్టారు, నేను అసలు పేజీలు సంపాదించి కుట్టాను అని చెప్పాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఇప్పుడు మీ పుస్తకం ముందుకంటే మంచిదైంది అని కూడా అన్నానేమో. అన్నాను.

ఆవిడ బైండు మూసి నా చేతుల్లో పెట్టేసింది. ఇది నాది కాదు అంది. నాది సూడామణమ్మ రాసింది. నువ్వెవడివి దాన్ని కొయ్యటానికి అంది.

చూడామణి మా పిన్ని అన్నాను. మా అమ్మ చెల్లెలు.

నా మొహంలోకి చూసింది. ఆ తొమ్మిదేళ్ళ గుంటడివా నువ్వు అంది. పిన్ని ఎలా ఉందని అడుగుతుందనుకున్నాను. అడగబోయి ఆగిపోయింది. ముందు ఆ కాయితాలు అట్టుకురా, తర్వాత మాటాడతాను అంది.

జూలై 29

గిరిబాబుకి ఫోను చేశాను. అయ్యో మాస్టారూ, లామినేషన్ చేయించేశానండీ అన్నాడు.

పాత పుస్తకాలు పోగేసే మనిషి చేసే పనేనా అది? పాత కాగితాన్ని ప్లాస్టిక్‌లో వేయించటం! అరిచాను. మీరు బ్లేడుతో కోశారు కదండీ అన్నాడు వాడు. నిజమే. ఫోను పెట్టేశాను.

ఆగస్టు 2

గిరిబాబు తనే విజయనగరం వచ్చి ఇచ్చి వెళ్ళాడు. బదులు ఏమీ అడగలేదు. పోయేటప్పుడు, నవ్వించటానికి తీసుకున్నానండీ, తీరా చదివితే నవ్వు రాలేదు అన్నాడు.

ఆగస్టు 4, ఆదివారం

అన్నీ రాయాలి. మరిచిపోకముందే రాయాలి. వరస తప్పుతోంది, అయినా రాస్తాను.

మధ్యాహ్నం వెళ్ళాను. దేముడమ్మ లామినేషన్ మీద వేలు పెట్టి, జారిపోతన్నాదేటి అంది. తప్పు మాదేనమ్మా అన్నాను. పోన్లే, వాన కురిసినా తడవదు అంది. తర్వాత చివరి కాగితం పైకెత్తి ఊదా మరకలు చూపించింది. ఇవేటో తెలుసా అంది. సిరా ఒలికింది అన్నాను.

ఏలిముద్రలు బాబూ అంది.

అప్పుడు చెప్పింది. శుక్రవారం పత్రిక వచ్చేదట, శనివారం షిఫ్టు దిగాక ఎనిమిది మంది ఆడవాళ్ళు పిన్ని వాకిట్లో చేరేవారట. ఎనిమిది మందీ సంచులు కుట్టే సెక్షనే. ఎవరికీ అక్షరం రాదు. ఆ శనివారం వెళ్ళేసరికి పిన్ని పత్రిక ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. సదవమ్మా అంటే చదవదు. ఏటయినాది, సుహాసినికి ఏటయినాది అని గుచ్చి గుచ్చి అడిగితే, బావిలో దూకేసింది అంది. అని ఊరుకోలేదు. మంచి పని చేసింది, ఇంకేం చేస్తుంది అంది.

ఆ మాటతో మా గుండెలు జారిపోనాయి బాబూ అంది దేముడమ్మ.

బాబాయి రూర్కెలాలో ఉద్యోగంలో ఉన్నాడని మాకు చెప్పేవారు. రూర్కెలా లేదు, ఏటీ లేదు అంది. ఇంకొకర్తిని తీసుకుని ఎల్లిపోనాడు, ఐదు నెల్లయిపోనాది. లైన్లో అందరికీ ఎరికే. మాకు ఎరికేనని ఆయమ్మకి తెలీదు, అంతే. ఎనక పెరట్లో బావి ఉన్నాది. ఆయమ్మ రోజూ పొద్దుట నీళ్ళు తోడకుండా గట్టు మీద కూకుండిపోవడం నాను సూసినాను. అంత సదువుకున్న మనిషికి నానేటి సెప్పగలను? ఏ నోటితో సెప్పగలను?

అందుకని దేముడమ్మ వేరే మాట అంది. ఇది మేం ఒప్పుకోం అంది. ఆ పిల్ల సచ్చిపోడానికి వీల్లేదు. ఆ రాసినోడికి బుద్ధి లేదు. నువ్వు కాయితం తియ్యమ్మా, మేం సెప్తాం, నువ్వు రాయి.

పిన్ని నవ్వి, కథ మనిష్టమా అందట. ఎనిమిది మందీ కదల్లేదు. ఇళ్ళకి వెళ్ళలేదు, పొయ్యిలు రాజెయ్యలేదు. పిల్లలు అమ్మా అని వచ్చి అక్కడే కూర్చున్నారు. చివరికి పిన్ని కాగితం తీసింది. తలా ఒక ముక్క చెప్పారు. ఒకామె గట్టు దింపింది. ఒకామె స్టేషను దాకా నడిపించింది. కిటికీ పక్క సీటు నానే ఇచ్చినాను అంది దేముడమ్మ. దారిలో ఆకలేస్తాదని సోములు పెళ్ళాం ఎండుచేప కట్టింది. పిన్ని ముక్కు మూసుకుని రాసింది.

రాయటం అయ్యాక అందరూ వేలిముద్రలు వేశారు, మిల్లులో పుస్తకంలో వేసినట్టే. వేలిముద్ర వేశాక మాట తప్పకూడదు. పిన్ని చేత కూడా వేయించారు. నాకు సంతకం వచ్చు కదా అందట. ఒప్పుకోలేదట. సంతకం ఎవులైనా పెడతారు, ఏలు నీదే ఒత్తాల అన్నారట. చివర, కొంచెం పక్కకి జరిగి ఉన్న చిన్నది పిన్నిది.

ఎనిమిది మంది వేలిముద్రలు, పిన్నిది ఒకటి. నేను మరకలు అని రాశాను.

ఆ తర్వాత ప్రతి వారం పత్రికలో దెయ్యమే వచ్చేదట. పిన్ని కలం పట్టుకుని అందరి ముందూ ఆత్మని కొట్టేసి చదివేదట. మొదట ఏడుపు మొహంతో కొట్టింది, తర్వాత తర్వాత నవ్వుతూ కొట్టింది, చివరి వారాల్లో ఆ రాసినోణ్ణి తిడుతూ కొట్టింది అంది. విజయనగరంలో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయేటప్పుడు బైండు ఆవిడకిచ్చి, ఇది నీ దగ్గరుండాలి దేముడమ్మా అందట. మొదట్లో పండక్కి ఒక కార్డు వచ్చేదట, ఎవరో ఒకరు చదివిపెట్టేవారు. తర్వాత లైను ఖాళీ చేసి ఇల్లు మారారు, కార్డు రాలేదు.

ఇంతా చెప్పి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇప్పుడు సెప్పు బాబూ, సూడామణమ్మ ఉన్నాదా అంది.

లేదమ్మా, ఐదేళ్ళయింది అన్నాను.

ఎలాగ పోనాది అంది. ఆవిడ మొన్న అడగబోయి ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది. నలభై మూడేళ్ళుగా ఆ భయం పెట్టుకుని ఉంది.

గుండెపోటు అని చెప్పాను. ఇంట్లోనే, మంచం మీద, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని. అరవై రెండేళ్ళకి. ముందురోజు కూడా ఇంటికొచ్చిన పిల్లలకి పాఠం చెప్పింది.

నిజమేనా అంది. నిజమే అన్నాను. ఒట్టా అంది. ఒట్టేశాను.

అయితే మాట నిలబెట్టినాది అంది. ఏడ్చింది, బాగా ఏడ్చింది. నేను కూడా.

ఆగస్టు 5

నేను ఆ వాకిట్లోనే ఉన్నాను కదా. అమ్మా అని వచ్చి కూర్చున్న పిల్లల్లో నేనూ ఉండి ఉండాలి. నాకు రైలు గుర్తుంది, కిటికీ గుర్తుంది, జనపనార నూనె వాసన గుర్తుంది. పిన్ని మొహం గుర్తులేదు. ఎంత ఆలోచించినా రావటం లేదు.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు మా ఇంటికి వస్తూ పోతూ ఉంది. బాబాయి ఎక్కడున్నాడని ఒక్కసారీ అడగలేదు నేను. పైగా దెయ్యాల భయం పోయాక, కథలు బాగా చదువుతావు పిన్నీ, దెయ్యాల కథ ఏదైనా చదవవా అని సతాయించేవాణ్ణి. చదివేది కూడా. ఎలా చదివిందో నాకు తెలీటం లేదు.

ఆగస్టు 11

అచ్చు పేజీలు తీసేసి ఊదా కాగితాలు మళ్ళీ కుట్టాం. ప్లాస్టిక్‌లోకి సూది దిగలేదు. దేముడమ్మ నా చేతిలోంచి లాక్కుని దబ్బనంతో తనే కుట్టేసింది, కళ్ళద్దాలు కూడా లేకుండా. తర్వాత చదవమంది. చదివాను. కోడలు వచ్చి గుమ్మంలో నిలబడి వింది. ఆత్మ అన్న మాట కొట్టేసిన చోటల్లా కొంచెం ఆగాను, దేముడమ్మ తలూపింది.

బైండు అక్కడే వదిలేసి వచ్చాను. నా లిస్టులో ఆ వరస కొట్టేశాను.

ఆగస్టు 18

గ్రూపులో టెక్కలి నుంచి శైలజ అని కొత్తగా ఎవరో చేరారు. ఇంతకీ సుహాసిని పదిహేడో వారంలో చచ్చిపోయిందా లేదా, మాస్టారే చెప్పాలి అని పెట్టారు.

2019 దాకా ఉంది, మునిసిపల్ స్కూల్లో సంగీతం చెప్పేది అని పెట్టాను.